క్లామ్‌లు ఒకదాని వెంట ఒకటి ముడుచుకుంటుంటే ఏం చేయాలి?

మా ఇంట్లో రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు, సముద్ర జీవులు పెంచే ఉప్పునీటి తొట్టి, పెట్టి ఇది తొమ్మిదో ఏడు. ఉండేది డల్లాస్ శివార్లలో. టీవీ పెట్టాల్సిన గోడ దగ్గర 450 లీటర్ల ఉప్పునీటి తొట్టి ఉంటుంది. కొన్నేళ్ల కిందట ఒక వేసవిలో అందులో ఐదు ట్రైడాక్నా క్లామ్‌లు (రంగురంగుల పెద్ద ఆల్చిప్పల రకం) ఉండేవి: రెండు మాక్సిమాలు, రెండు క్రోసియాలు, ఒక డెరాసా. ఐదోది ఇంటికొచ్చిన పన్నెండో రోజున మొదటి చావు. నెల తిరిగేసరికి మూడు పోయాయి. ఆ ఐదోదాన్ని షాపు కవర్లోంచి తీసి విడి తొట్టిలో కొన్నాళ్లు ఉంచకుండా నేరుగా మెయిన్ ట్యాంకులో పెట్టింది నేనే. తప్పు ఎక్కడుందో చెప్పేశాను కాబట్టి ఇక పనిలోకి వెళ్దాం.

దానికి ముందు ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట. ట్రైడాక్నా మాక్సిమా, ట్రైడాక్నా స్క్వామోసా, హిప్పోపస్ హిప్పోపస్ అనే ఈ పెద్ద ఆల్చిప్పలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. అంటే పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో ఎవరైనా తక్కువ ధరకి ఇస్తామంటే కొనకండి. మిగతా దేశాల్లోనూ ఇవి సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న జీవులు, కాగితాలు లేకుండా సరిహద్దు దాటకూడదు. కాబట్టి ఇది ప్రధానంగా అమెరికా, సింగపూర్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల హేచరీలో పుట్టిన క్లామ్‌లని చట్టప్రకారం కొనుక్కుని పెంచుతున్న మనవాళ్ల కోసం.

మొదటి పని: క్యాలెండర్ చూడండి

ట్యాంకు దగ్గరికి పరిగెత్తే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. అన్నీ ఒకేసారి ముడుచుకున్నాయా, లేక ఒకటి తర్వాత ఒకటా?

అన్నీ ఒకే పూట ముడుచుకుంటే అది దాదాపు ఎప్పుడూ నీటి గొడవే. హీటర్ ఆన్‌లో ఇరుక్కుపోయి ఉండవచ్చు, ఆవిరైన నీటికి బదులు మంచినీళ్లు నింపే టాప్-ఆఫ్ పంపు ఆగకుండా పోసి ఉండవచ్చు, ఆల్కలినిటీ (నీటి క్షారత) పెంచే డోసు రెండుసార్లు పడి ఉండవచ్చు. ఆ రోజు ఇంట్లో బొద్దింకల స్ప్రే కొట్టారేమో అడగండి. మన ఇళ్లలో ప్రత్యేకంగా అడగాల్సింది ఇంకోటి ఉంది: రాగి. ఊరెళ్లినప్పుడు ట్యాంకు చూసుకోమని ఇంట్లోవాళ్లకి చెబితే, ప్రేమకొద్దీ రాగి చెంబుతోనో రాగి బిందెలోంచో నీళ్లు పోస్తారు. మనుషులకి మంచిదని చెప్పుకునే ఆ రాగి క్లామ్‌కి విషం. చేపల మందుల్లో ఉండేదీ అదే.

రోజుల తేడాతో ఒకటొకటిగా పడిపోతుంటే, అందులోనూ కొత్తది వచ్చిన రెండు మూడు వారాల్లో మొదలైతే, అంటుకునేదేదో ఇంట్లోకి వచ్చిందని అనుకుని నడవాలి. నేను ఈ లెక్క వేసుకోలేదు. మొదటిది పోయినప్పుడు "లైటు ఎక్కువైందేమో" అనుకున్నాను. రెండోదానికి కూడా అదే కారణం చెప్పుకున్నాను.

రెండో పని: పగలు, చేతులు కట్టుకుని పది నిమిషాలు చూడటం

ఆరోగ్యంగా ఉన్న క్లామ్ మాంటిల్, అంటే ఆ రంగురంగుల కండ పొర, చిప్ప అంచు దాటి బయటికి పరుచుకుని ఉంటుంది. దాని అంచుల్లో వందల కొద్దీ చిన్న కళ్లు ఉంటాయి. మీ చెయ్యి నీడ పైనుంచి పోనివ్వండి. చటుక్కున లోపలికి లాక్కోవాలి. లాక్కోకపోయినా, బద్ధకంగా లాక్కున్నా ఒంట్లో బాగోలేదన్నట్టే.

ఇక జబ్బు గుర్తులు. మాంటిల్ ఒక పక్కన, కుట్లు వేసి దారం లాగిన గుడ్డలా ముడతలు పడి పైకి చుట్టుకుంటే దాన్ని హాబీలో 'పించ్‌డ్ మాంటిల్' అంటారు. మొదట్లో రెండు మూడు సెంటీమీటర్ల మేర మాత్రమే ఉంటుంది, మిగతా భాగమంతా మామూలుగానే మెరుస్తుంటుంది. అందుకే మనం పట్టించుకోం. వారం తిరిగేసరికి అది చుట్టూ పాకుతుంది. నీళ్లు లోపలికి తీసుకునే పొడవాటి చీలిక ఆవలించినట్టు తెరుచుకుని అలాగే ఉండిపోవడం రెండో గుర్తు. మాంటిల్ చిప్ప నుంచి ఊడి లోపలికి జారిపోతే ఆశ దాదాపు వదులుకోవాల్సిందే.

మధ్యలో తెల్లబడటం వేరే సంగతి. కండలో ఉండే జూజాంథెల్లే అనే నాచు పోవడం వల్ల అలా జరుగుతుంది. వేడి, లైటు మార్పు, లేదా నీటిలో నైట్రేట్ బొత్తిగా లేకపోవడం దానికి కారణాలు. అది అంటువ్యాధి కాదు. కారణాన్ని సరిచేసి ఓపిక పట్టడమే దానికి వైద్యం.

ఈ పది నిమిషాల్లోనే చేపల్నీ చూడండి. మరుగుజ్జు ఏంజెల్ చేపలు, సీతాకోక చేపలు మాంటిల్‌ని కొరికితే అచ్చం జబ్బులాగే ముడుచుకుంటుంది. మీరు ఎదురుగా నిలబడితే అవి బుద్ధిగా ఉంటాయి, కాబట్టి ఫోన్ కెమెరా పెట్టి అరగంట వీడియో తీయండి. పక్కన ఐప్టేసియా (కుట్టే చిన్న సముద్ర జీవి, ట్యాంకులో కలుపు లాంటిది) గానీ, కుట్టే కోరల్ (పగడపు జీవి) గానీ తగులుతోందేమో కూడా చూడండి.

మూడో పని: నీటి పరీక్ష

దీనికి ఎక్కువ టైమ్ పెట్టొద్దు. ఉష్ణోగ్రత 25–26 డిగ్రీలు, ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు), ఆల్కలినిటీ 8–9 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్) దగ్గర కదలకుండా, కాల్షియం లీటరుకి 400–450 మిల్లీగ్రాములు, అమ్మోనియా సున్నా. నైట్రేట్ మాత్రం సున్నా వద్దు, లీటరుకి 2 నుంచి 10 మిల్లీగ్రాముల మధ్య ఉండనివ్వండి, క్లామ్‌కి అది తిండి. రాగి మీద అనుమానం ఉంటే ఇంటి కిట్లని నమ్మకుండా నీటిలోని లోహాల్ని సన్నగా కొలిచే ఐసీపీ ల్యాబ్‌కి నీళ్లు పంపించండి. రిపోర్టు వచ్చేలోగా యాక్టివేటెడ్ కార్బన్, రాగిని పట్టే రెజిన్ సంప్‌లో (ట్యాంకు నీళ్లు వడకట్టే పక్క తొట్టి) వేసి ఉంచితే నష్టం లేదు.

నాలుగో పని: రాత్రి టార్చ్

లైట్లు ఆరిన రెండు గంటల తర్వాత టార్చ్ తీసుకోండి. ఎర్ర సెల్లోఫేన్ కాగితం కడితే ఇంకా మంచిది. చిప్ప పైఅంచు, మడతల మధ్య సందులు, అడుగున రాయికి ఆనుకున్న చోటు, ఈ మూడు చోట్లా వెతకాలి.

మా ఇంట్లో ఇది చేసింది మా ఆవిడ. రాత్రి పదకొండింటికి పిలిచి, "ఇదిగో, నూకలు చల్లినట్టుంది చూడు" అంది. నిజంగానే బియ్యం నూకంత తెల్లటి నత్తలు, ఒక్కోటి రెండు మూడు మిల్లీమీటర్లు, క్రోసియా అంచున వరసగా కూర్చుని ఉన్నాయి. ఒకదాని మూతిలోంచి సన్నటి గొట్టం వచ్చి కండలోకి దిగి ఉంది. అరగంటలో పద్నాలుగు లెక్కపెట్టాం. పగలు అదే చోట ఒక్కటి కూడా కనిపించలేదు.

వీటిని పిరమిడెల్లిడ్ నత్తలంటారు. క్లామ్ ఒంట్లోని రసం పీల్చి బతుకుతాయి. పెద్ద క్లామ్ నాలుగైదింటిని ఓర్చుకుంటుంది, చిన్నది ఓర్చుకోలేదు. నత్తలు కనిపిస్తే గుడ్లు కూడా ఉంటాయి: చిప్ప మీద ఉడికిన సగ్గుబియ్యం ముద్దలా పారదర్శకంగా, జిగురుగా. ఆ ముద్దని వదిలేసి నత్తల్ని మాత్రమే ఏరితే రెండు వారాల్లో మళ్లీ మొదటికొస్తారు.

నత్తలు దొరికితే ఒక రకంగా అదృష్టవంతులు. శత్రువు కంటికి కనిపిస్తోంది.

ఐదో పని: క్లామ్‌ని బయటికి తీయడం

ఇక్కడ తొందరపడి చంపుకున్నవాళ్లు చాలామంది. క్లామ్ అడుగున బిస్సస్ అనే దారాల గుత్తితో రాయిని పట్టుకుని ఉంటుంది. పట్టి లాగితే దారాలతో పాటు లోపలి గ్రంథి ఊడి వస్తుంది, ఆ తర్వాత అది బతకదు. వీలైతే రాయితో సహా తీయండి. కుదరకపోతే సన్నటి బ్లేడుని రాయికి ఆనించి, చిప్పకి దూరంగా, దారాల్ని మాత్రమే కోయండి. దారాలు మళ్లీ వస్తాయి.

చేతికి గ్లవ్స్ తప్పనిసరి. ఉప్పునీటి తొట్టిలో ఉండే కొన్ని బ్యాక్టీరియాలు చిన్న గీత దొరికితే మన చర్మంలోకి దిగి నెలల తరబడి వదలవు.

ఆరో పని: రుద్దడం

కొత్త టూత్‌బ్రష్, మెత్తటిది తీసుకోండి. ట్యాంకు నీళ్లు నింపిన గిన్నెలో క్లామ్‌ని పెట్టి చిప్ప అంతా తోమండి. మడతల లోపల టూత్‌పిక్‌తో గీకండి. మాంటిల్‌కి, అడుగున దారాలొచ్చే రంధ్రానికి బ్రష్ తగలనివ్వకండి. గిన్నెలో మిగిలిన నీళ్లు సింకులోకే, ట్యాంకులోకి కాదు. మూడు రోజులకోసారి మళ్లీ టార్చ్, మళ్లీ బ్రష్. ఆరు వారాల పాటు. అవును, విసుగొస్తుంది.

సిక్స్‌లైన్ రాస్, హాలికోరస్ జాతి రాస్ చేపలు ఈ నత్తల్ని ఏరుకు తింటాయి. సాయానికి పనికొస్తాయి గానీ, చేప పగటి పని చేస్తుంది, నత్త రాత్రి పని చేస్తుంది. చేపని నమ్మి బ్రష్ పక్కన పెట్టకండి.

ఏడో పని: మంచినీటి స్నానం

నత్తలు లేవు, చేపలు కొరకడం లేదు, నీళ్లు బాగున్నాయి, అయినా మాంటిల్ ముడుచుకుంటూ ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతోంది. అలాంటప్పుడు అనుమానించాల్సింది ఏకకణ పరాన్నజీవుల్ని. వాటిలో పేరున్నది పెర్కిన్సస్. ఆల్చిప్పలు, క్లామ్‌లు, అబలోన్‌ల మీద బతికే జాతి ఇది. మధ్యలో ఇంకో జీవి సాయం లేకుండా నీటి ద్వారానే ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటుంది, వెచ్చటి నీళ్లలో విజృంభిస్తుంది. మనకి మరీ దూరపు చుట్టమేమీ కాదు, తూత్తుకుడి తీరంలో ముత్యపు చిప్పల్లోనూ పెర్కిన్సస్ ఓల్సెనీని మన శాస్త్రవేత్తలు గుర్తించారు.

కంటితో చూసి ఇది పెర్కిన్ససే అని ఎవరూ చెప్పలేరు. ల్యాబ్‌లో కండ ముక్కని ప్రత్యేకమైన ద్రావణంలో కొన్ని రోజులు ఉంచితే పరాన్నజీవి కణాలు ఉబ్బుతాయి, అయోడిన్ వేస్తే నీలి నలుపుకి తిరుగుతాయి. 1952లో శామీ రే కనిపెట్టిన ఈ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. దాంతో పాటు పీసీఆర్ (డీఎన్‌ఏ పరీక్ష) కూడా చేస్తారు. కానీ రిపోర్టు కోసం కూర్చుంటే క్లామ్ ఉండదు. అందుకే హాబీలో అందరూ ముందు చేసేది స్నానం.

దీని వెనక లెక్క చాలా మామూలుది. ఎండుద్రాక్ష నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది కదా. ఉప్పునీటికి అలవాటు పడిన ఒంటికణపు జీవిని మంచినీళ్లలో పెడితే నీళ్లు లోపలికి చొరబడి అది పగిలిపోతుంది. క్లామ్‌కి చిప్ప ఉంది, మూసుకుని అరగంట తట్టుకోగలదు. కండ లోతుల్లోకి దిగిన పరాన్నజీవికి ఈ స్నానం తగలదు. అందుకే మొదటి ముడత కనిపించినప్పుడే చేయాలి.

సబ్బు ఎప్పుడూ తగలని పది లీటర్ల ప్లాస్టిక్ బకెట్ తీసుకోండి. అందులో ఆర్‌ఓడీఐ నీళ్లు, అంటే ఫిల్టర్‌తో లవణాలన్నీ తీసేసిన నీళ్లు, నింపండి. కుళాయి నీళ్లు వద్దు, క్లోరిన్ ఉంటుంది. పావు టీస్పూన్ వంటసోడా కలపండి. ఎయిర్ స్టోన్, చిన్న హీటర్ పెట్టి గంటసేపు ఉంచితే పీహెచ్ ట్యాంకు నీటికి దగ్గరగా, 8.2 చుట్టుపక్కలకి వస్తుంది. ఉష్ణోగ్రత ట్యాంకుతో సమానంగా ఉండాలి. ఒక్క డిగ్రీయే కదా అనుకోకండి.

క్లామ్‌ని ట్యాంకు నుంచి పైకి తీసి, పక్కకి వంచి, లోపల పట్టి ఉంచిన ఉప్పునీళ్లు కారిపోనివ్వండి. ఇది మానేస్తే అది తన ఉప్పునీళ్లు తనలోనే దాచుకుని కూర్చుంటుంది, స్నానం చిప్పకే పరిమితమవుతుంది. తర్వాత బకెట్‌లో పెట్టి టైమర్ నొక్కండి. 25 నుంచి 30 నిమిషాలు.

మొదటి నిమిషంలో గట్టిగా మూసుకుంటుంది. ఐదో నిమిషం దాటాక కొంచెం సడలి, చీమిడిలాంటి జిగురు తీగలు తీగలుగా వదులుతుంది. నాకు మొదటిసారి కాళ్లు వణికాయి, పదో నిమిషంలో తీసేయబోయాను. జిగురు రావడం మామూలే. అంచున ఇరుక్కున్న చిన్న పురుగులు, పీతపిల్లలు కూడా బయటపడతాయి. అవి బకెట్ అడుగునే ఉండిపోవాలి. అప్పటికే మాంటిల్ ఊడి వేలాడుతున్న క్లామ్‌కి మాత్రం ఈ స్నానమే ఆఖరిది కావచ్చు. నా రెండో క్రోసియాకి అదే అయింది. దాన్ని వారం ముందే చేయాల్సింది.

టైమ్ అయ్యాక తిరిగి ఉప్పునీళ్లలో పెట్టేటప్పుడు నీళ్ల కింద మెల్లగా అటూ ఇటూ వంచండి. లోపల చిక్కుకున్న గాలి బుడగలు బయటికొస్తాయి. గాలి లోపలే ఉండిపోతే అదో కొత్త జబ్బు.

మనకి అనుమానం ఉన్నదొక్కటే కాదు, ట్యాంకులో ఉన్న క్లామ్‌లన్నిటికీ అదే రోజు స్నానం చేయించండి. బాగున్నదాన్ని ఎందుకు ఇబ్బంది పెట్టాలని నేను డెరాసాని వదిలేశాను. తొమ్మిది రోజుల తర్వాత దాని అంచున కూడా ముడత కనిపించింది. అప్పుడు చేయించాను, బతికింది.

స్నానం తర్వాత

ఆ రాత్రి తెరుచుకోదు. మర్నాడు సగం తెరుచుకుంటే చాలు. రెండు మూడు రోజుల్లో ముడత విడిపోవడం మొదలవుతుంది. విడిపోకపోతే నాలుగైదు రోజులు విశ్రాంతి ఇచ్చి ఇంకోసారి చేయవచ్చు. రోజూ మాత్రం చేయకండి. స్నానం అయిన క్లామ్‌లని పాత ట్యాంకులోకి కాకుండా వేరే తొట్టిలో ఉంచగలిగితే బాగుంటుంది. 40 లీటర్లది చాలు, కానీ దానికి లైటు ఉండాలి. చేపల క్వారంటైన్ తొట్టి చీకట్లో ఉన్నా నడుస్తుంది. క్లామ్ వెలుతురు తిని బతికే జీవి, చీకట్లో పెడితే జబ్బు చంపకపోయినా ఆకలి చంపుతుంది. ఆ తొట్టిలో గతంలో ఎప్పుడైనా చేపలకి రాగి మందు వాడి ఉంటే అది అసలు పనికిరాదు.

మెయిన్ ట్యాంకులో ఏ మందూ పోయకండి. రాగి, ఫార్మలిన్ క్లామ్‌నే ముందు చంపుతాయి. యాంటీబయాటిక్ ఈ పరాన్నజీవిని ముట్టదు, పైగా అమ్మోనియాని తినే మంచి బ్యాక్టీరియాని దెబ్బ తీస్తుంది. ఈ సమయంలో అమ్మోనియా పెరిగితే బతికి ఉన్నవీ పోతాయి.

పోయినదాన్ని ఏం చేయాలి

రాత్రి రెండింటికి కనిపించినా అప్పుడే తీయండి. అరచేయంత క్లామ్ కుళ్లితే తెల్లారేసరికి ట్యాంకంతా అమ్మోనియా. పోయిందో లేదో తేల్చుకోవడానికి మాంటిల్‌ని మెల్లగా తాకండి. కదలిక లేకుండా, చిప్ప తెరుచుకునే ఉండి, వాసన వస్తుంటే ఇంక అనుమానం అక్కర్లేదు. వెంటనే పావు వంతు నీళ్లు మార్చి, కొత్త కార్బన్ వేయండి.

జలచరాల వెటర్నరీ డాక్టర్ అందుబాటులో ఉంటే, పారేసే ముందు మాంటిల్ అంచు, మొప్ప నుంచి చిక్కుడు గింజంత ముక్కలు కోసి 95 శాతం ఆల్కహాల్‌లో వేసి ఉంచండి, పీసీఆర్‌కి పనికొస్తాయి. మిగతాది కవర్లో గట్టిగా కట్టి చెత్తలోకి. చిప్ప అందంగా ఉందని ట్యాంకులో అలంకారంగా పెట్టొద్దు. వాడిన నీళ్లు బ్లీచ్ కలిపి కాసేపు ఉంచి డ్రైనేజీలో పోయండి. సముద్రం దగ్గర ఇల్లున్నవాళ్లు మరీ జాగ్రత్త, ఇంట్లో జబ్బుని అక్కడి ఆల్చిప్పలకి అంటించినవాళ్లవుతారు. వలలు, బ్రష్‌లు, బకెట్లు కూడా బ్లీచ్ నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి, ఎండబెట్టాలి.

వీడియో కాల్‌లో ఇదంతా చూసి మా అమ్మ, "ఆల్చిప్పలకి ఆసుపత్రేంట్రా, కూర చేసుకోక" అంది. ఆ పని కూడా చేయకండి. పెర్కిన్సస్ మనిషికి సోకదు గానీ, ట్యాంకులో మనం వేసే డోసులూ రసాయనాలూ తినడానికి కావు.

మళ్లీ కొనేటప్పుడు

ఆఖరి చావు తర్వాత కనీసం మూడు నెలలు కొత్త క్లామ్ తేకండి. షాపులో చెయ్యి నీడ పరీక్ష చేయనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే ఇంకో షాపు. అదే తొట్టిలో ఉన్న మిగతా క్లామ్‌లనీ చూడండి, ఒక్కదానికి ముడత ఉన్నా మీకు నచ్చినదానికి లేదని సంబరపడొద్దు. ఐదు సెంటీమీటర్ల లోపు పిల్లని తీసుకోకండి. మొదటిసారి అయితే డెరాసా తీసుకోండి. మాక్సిమా, క్రోసియాలకి అడుగు రంధ్రం పెద్దది, నత్తలకి ఆ దారి సులువు.

ఇంటికి తెచ్చిన రోజే చిప్ప తోమి, విడి తొట్టిలో ఆరు వారాలు ఉంచండి. మొదటి రాత్రి టార్చ్ వేసి ఏమీ లేదని వదిలేయకండి, గుడ్లు పొదిగే టైమ్ ఇవ్వాలి. కిందటేడు తెచ్చిన స్క్వామోసా మీద నాకు నాలుగు వారాలు ఏమీ కనిపించలేదు. ముప్పై మూడో రాత్రి కనిపించింది, మడత సందులో ఒక్క నూక.